మామూలు రోజువారీ ఫోటోలకు ఫిల్మ్ కెమెరా పనికొస్తుందా?

ప్రశ్న: ఫోన్‌తో ఇంట్లోవీ, వీధిలోవీ రోజూ కనబడేవే ఫోటోలు తీస్తుంటాను. ఈ మధ్య ఫిల్మ్ మీద ఆసక్తి పుట్టింది. నాలాంటి అమెచ్యూర్‌కి అది పనికొస్తుందా? ఎలా మొదలుపెట్టాలి?

పనికొస్తుంది. అసలు ఫిల్మ్ బాగా అక్కరకొచ్చేది ఇలాంటి ఫోటోలకే అని నా గట్టి నమ్మకం. నేను తీసేవి కూడా అవే: కిటికీలోంచి నేలమీద పడే ఎండ, దండెం మీద బట్టలు, బస్సు కోసం ఎదురుచూసే మనుషులు. జలపాతమో ఊరేగింపో తీస్తే సగం బరువు అదే మోస్తుంది. ఖాళీ కుర్చీకి ఆ బలం ఉండదు. దాన్ని ఫోటోగా నిలబెట్టేవి వెలుగు ఎటు నుంచి వస్తోంది, మీరు ఎక్కడ నిలబడ్డారు అన్న రెండే. వీటిని గమనించడం నాకు ఫిల్మ్ వల్లే బాగా అలవాటైంది.

రీల్లో 36 ఫ్రేములే కాబట్టి జాగ్రత్తగా తీస్తాం అని చాలామంది చెబుతారు. నిజమే. కానీ నా దృష్టిలో ఇంకా పెద్ద లాభం, తీసిన బొమ్మ వెంటనే కనబడకపోవడం. చూసుకోవడానికి స్క్రీన్ లేదు కాబట్టి కళ్లు ఎదుట ఉన్నదాని మీదే ఉంటాయి. రీలు కడిగించి నెగెటివ్‌లు చేతికి వచ్చేసరికి, తీసినప్పటి ఉత్సాహం కాస్త చల్లారి ఉంటుంది. అప్పుడు ఫోటోలో నిజంగా ఏముందో కనబడుతుంది. అమెరికన్ ఫోటోగ్రాఫర్ గ్యారీ వినోగ్రాండ్ ఇందుకోసమే రీళ్లను కావాలని చాలా కాలం కడగకుండా ఉంచేవాడు. అంత దూరం మనం పోనక్కర్లేదు గానీ, ఆయన ఆలోచన సరైనదే.

దూరాలు తిరగాల్సిన పని కూడా లేదు. అమెరికన్ ఫోటోగ్రాఫర్ సాల్ లీటర్ తీసిన కలర్ ఫోటోల్లో ఎక్కువ భాగం న్యూయార్క్‌లో తను ఉండే చుట్టుపక్కల వీధుల్లో తీసినవే. మంచులో గొడుగులు, ఆవిరి పట్టిన అద్దం వెనక మనిషి, అంతే. వీలైతే అవి తప్పకుండా చూడండి.

కెమెరా గురించి ఎక్కువ ఆలోచించకండి. మాన్యువల్‌గా పనిచేసే 35 ఎంఎం ఎస్ఎల్ఆర్ (లెన్సులోంచే చూసి తీసే కెమెరా), 50 ఎంఎం లెన్సు చాలు. పాతది కొంటుంటే వెనక తలుపు తెరిచి అంచుల్లో ఉండే నల్ల ఫోమ్ చూడండి. అది జిగటగా మారి రాలిపోతుంటే లోపలికి వెలుగు కారుతుంది, మార్పించాలి. తక్కువ షట్టర్ స్పీడ్లు, అంటే షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉండేవి, నొక్కి చూడండి, ఒక సెకను నిజంగా సెకనులా ఉండాలి. రీలు ఎక్కించాక ఫిల్మ్ ముందుకు తిప్పినప్పుడల్లా ఎడమవైపు రివైండ్ నాబ్ కూడా తిరగాలి. తిరగకపోతే ఫిల్మ్ పళ్లచక్రానికి పట్టుకోలేదన్నమాట.

మొదటి రీలుకి నా సలహా 400 స్పీడ్ బ్లాక్ అండ్ వైట్ (ఈ అంకె ఎంత పెద్దదైతే ఫిల్మ్‌కి అంత తక్కువ వెలుగు చాలు). ఇల్ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్ గానీ, కోడక్ ట్రై-ఎక్స్ గానీ. ఇంట్లో వెలుగు తక్కువగా ఉన్నప్పుడు ఈ ఫిల్మ్‌ని 1600 స్పీడ్ అనుకుని తీసి, డెవలప్ చేసేటప్పుడు (అంటే కడిగేటప్పుడు) సమయం పెంచుకోవచ్చు. ముందుముందు మీరే కడుక్కోవాలన్నా సులువు. బ్లాక్ అండ్ వైట్‌కి 20 డిగ్రీల దగ్గర పని జరిగిపోతుంది, కలర్ నెగెటివ్‌కి వాడే సీ-41 పద్ధతిలో డెవలపర్‌ని (కడిగే రసాయనాన్ని) దాదాపు 38 డిగ్రీల దగ్గర కదలకుండా ఉంచాలి. పైగా మామూలు కలర్ ఫిల్మ్ పగటి వెలుగు కోసం చేసింది, పసుపు వెలుగిచ్చే బల్బుల కింద బొమ్మ నారింజ రంగుకి తిరుగుతుంది.

ఇక అసలు విషయం, ఎక్స్‌పోజర్, అంటే ఫిల్మ్ మీద ఎంత వెలుగు పడనిస్తామన్నది. నెగెటివ్ ఫిల్మ్ వెలుగు ఎక్కువైతే ఓర్చుకుంటుంది, తక్కువైతే ఓర్చుకోదు. నీడ ఉన్న చోట ఫిల్మ్ మీది వెండి లవణాలకు వెలుగే తగలకపోతే అక్కడ ఏమీ నమోదు కాదు. స్కాన్‌లో ఎంత పెంచినా మట్టిరంగు మసక తప్ప ఏమీ రాదు. అందుకే నీడలో మీకు కనబడాల్సిన భాగాన్ని చూసి మీటర్ చేయండి, అంటే లైట్ మీటర్‌తో అక్కడి వెలుగు కొలవండి. డిజిటల్‌లో ప్రకాశవంతమైన భాగాలు తెల్లగా ఎగిరిపోకుండా చూసుకునే అలవాటుకి ఇది సరిగ్గా తలకిందులు. స్లైడ్ ఫిల్మ్ (నెగెటివ్ కాకుండా నేరుగా అసలు రంగుల బొమ్మే వచ్చేది) మాత్రం డిజిటల్ లాంటిదే, మొదట్లో దాని జోలికి వెళ్లకండి.

మీటర్ చూసే ముందు కంటితో అంచనా వేయడం నేర్చుకోండి. 400 ఫిల్మ్, షట్టర్ 1/500 సెకను అనుకుందాం. ఎఫ్ అంకె లెన్సు రంధ్రం ఎంత తెరిచామో చెబుతుంది, అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది. నీడల అంచులు పదునుగా ఉండే ఎండలో ఎఫ్16. అంచులు మెత్తబడితే ఎఫ్11. నీడ కనబడీ కనబడనట్టుంటే ఎఫ్8. అసలు నీడే పడకపోతే ఎఫ్5.6. అంటే ఆకాశం వైపు చూడక్కర్లేదు, నేల చూస్తే చాలు. నేను కెమెరా చేతిలో లేనప్పుడు కూడా నడుస్తూ ఈ లెక్క వేసుకుంటాను. తర్వాత ఫోన్‌లో లైట్ మీటర్ యాప్‌తో సరిచూసుకుంటే కొన్నాళ్లకి కన్ను కుదురుకుంటుంది. ఇంట్లో మాత్రం కంటిని నమ్మకండి, మీటర్ వాడండి. మన కన్ను మసక వెలుగుకి అలవాటుపడిపోయి గదిలో చాలా వెలుగుందని అనిపిస్తుంది.

రీలు వచ్చాక బాగున్న రెండు ఫోటోలు తీసుకుని మిగతావి వదిలేయకండి. కాంటాక్ట్ షీట్ (రీలులోని ఫ్రేములన్నీ చిన్నగా ఒకే కాగితం మీద వేసింది) వేయించండి, లేదా స్కాన్లన్నీ వరసగా ఒకే పేజీలో పెట్టుకుని చూడండి. ఒకే కుర్చీని మూడుసార్లు తీసి ఉంటారు. మొదటిసారి దూరంగా, తర్వాత పక్కకి జరిగి, ఆ తర్వాత వంగి. ఏ అడుగు దగ్గర ఫోటో కుదిరిందో ఆ వరసలో కనబడుతుంది. ఫోన్‌లో నచ్చనివి అక్కడే డిలీట్ చేస్తాం కాబట్టి ఈ దారి చెరిగిపోతుంది. నాకు ఫిల్మ్ మీద ఇంత ఇష్టం ఉండటానికి ముఖ్య కారణం ఇదే.

కొన్ని ల్యాబ్‌లు స్కాన్లు పంపేసి నెగెటివ్‌లు పారేస్తాయి. ఇచ్చేటప్పుడే నెగెటివ్‌లు తిరిగి కావాలని చెప్పండి. వాటిని స్లీవ్‌లలో పెట్టి, నెల, చోటు రాసి, తేమ తగలని చోట ఉంచండి.