కొత్త ల్యాప్‌టాప్‌కి ప్రాసెసర్ స్పీడ్ ముఖ్యమా, ర్యామ్ ముఖ్యమా?

బ్రౌజింగ్, ఆఫీసు పని, ఆన్‌లైన్ క్లాసులకైతే ముందు ర్యామ్ (తెరిచి ఉన్న పనుల్ని తాత్కాలికంగా పట్టుకునే మెమరీ) చూడండి, తర్వాతే ప్రాసెసర్ (పనులన్నీ చేసే ప్రధాన చిప్).

ప్రాసెసర్ స్పీడ్ చెప్పే గిగాహెర్ట్జ్ నంబర్ ఒక్కటే చూసి మాత్రం అస్సలు కొనొద్దు. ఇంటెల్‌లోనే చూడండి, 2016లో వచ్చిన ఐ7-7500యూ బేస్ స్పీడ్ 2.7 గిగాహెర్ట్జ్, మరుసటి ఏడాది వచ్చిన ఐ5-8250యూది 1.6 మాత్రమే, కానీ మొదటిదాంట్లో కోర్లు (చిప్‌లో విడివిడిగా పనిచేసే భాగాలు) 2, రెండోదాంట్లో 4, అందుకే ఒకేసారి నాలుగైదు పనులు పెడితే ఆ ఐ5 యే ముందుంటుంది. కాబట్టి ప్రాసెసర్ ఏ జనరేషన్ (తరం), ఎన్ని కోర్లు అని అడగండి.

ర్యామ్ 8 జీబీతో సరిపెట్టుకోవచ్చు గానీ బ్రౌజర్‌లో ట్యాబులు కుప్పలుగా తెరిచే అలవాటుంటే 16 తీసుకోండి. ర్యామ్ నిండిపోతే సిస్టమ్ కొంత డేటాని ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డీలోకి తోస్తుంది, అది ర్యామ్ కంటే చాలా స్లో, ఇక ప్రాసెసర్ ఎంత మంచిదైనా ట్యాబ్ మార్చిన ప్రతిసారీ ఆగి ఆగి నడుస్తుంది. ఇప్పుడు వాడేది విండోస్ అయితే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి, టాస్క్ మేనేజర్‌లో మెమరీ ఎంత శాతం వాడుతున్నారో కనిపిస్తుంది, అందులో 8 జీబీ ఉండి కూడా రోజూ 80 దాటుతుంటే 8 మీకు చాలదు.

ఇంకోటి, చాలా సన్నటి మోడల్స్‌లో ర్యామ్‌ని లోపలి బోర్డుకే సోల్డర్ చేసేస్తారు (ఊడకుండా అతికించేస్తారు), తర్వాత పెంచుకోవడం కుదరదు. ర్యామ్ పెంచుకునే స్లాట్ ఉందో లేదో కొనేముందే కనుక్కోండి, లేకపోతే మొదట్లోనే 16 తీసేసుకోండి.