ఎండోటాక్సిన్‌కి జంతువుల్ని ముందే అలవాటు చేయొచ్చా? మా ఉప్పునీళ్ల కుందేళ్లని అడగండి

ప్రశ్న: ప్రయోగశాల జంతువులకి ముందు కొద్దికొద్దిగా ఎండోటాక్సిన్ (కొన్ని బాక్టీరియాల పైపొరలో ఉండే విషపదార్థం) ఇస్తే, తర్వాత పెద్ద డోసు ఇచ్చినా షాక్‌ని (రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావడాన్ని) తట్టుకుంటాయంటారు. నిజమేనా? ఎంఫార్మసీ ప్రాజెక్టుగా పెట్టుకోవచ్చా?

నిజమే. కుందేళ్లకి రోజూ టైఫాయిడ్ టీకా (చంపిన టైఫాయిడ్ బాక్టీరియా, అందులో ఎండోటాక్సిన్ ఉంటుంది) ఎక్కిస్తూ పోతే జ్వరం రోజురోజుకీ తగ్గిపోతుందని అమెరికా వైద్యుడు పాల్ బీసన్ 1947లోనే చూపించాడు. అనుమానించాల్సింది దాన్ని కాదు, మీ ల్యాబులో నీళ్లని.

గుంటూరు దగ్గర ఒక కాలేజీలో నా ప్రాజెక్టూ ఇదే. షాక్ దాకా వెళ్లడానికి ఎథిక్స్ కమిటీ ఒప్పుకోలేదు, జ్వరం వరకే. ఆరు కుందేళ్లు. మూడింటికి రోజూ చెవి రక్తనాళంలోకి చాలా కొద్దిగా ఈ.కోలై బాక్టీరియా ఎండోటాక్సిన్, మిగతా మూడింటికి ఉత్త సెలైన్. ఐదు రోజులయ్యాక ఆరింటికీ పెద్ద డోసు. సెలైన్‌వి జ్వరంతో మాడిపోవాలి, అలవాటుపడ్డవి నిమ్మళంగా ఉండాలి. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది.

మే నెల. మొదటి రోజు ఒక సెలైన్ కుందేలు గంటన్నరలో 39.1 నుంచి 40.3 డిగ్రీలకి ఎక్కింది. మిగతా రెండూ దాదాపు అంతే. గడ్డి వేయడానికొచ్చిన అటెండర్ బాబాయ్ థర్మామీటర్ వంక చూసి, "ఏమ్మా, ఉప్పునీళ్లకి కూడా జ్వరం వస్తుందా?" అన్నాడు. సార్‌ని అడిగితే "ఎండమ్మా, మనకే ఒళ్లు కాలిపోతోంది" అన్నారు. నోట్‌బుక్‌లో 'గది వేడి' అని రాసి ఊరుకున్నాను. ఐదో రోజుకి వాటి జ్వరం పోయింది. ఎండ మాత్రం పోలేదు. అదైనా నాకు వెలగలేదు చూడండి!

ఆరో రోజు పెద్ద డోసు ఇస్తే ఆరు కుందేళ్లూ చెవులు వాల్చుకుని హాయిగా కూర్చున్నాయి. ఒక్కదానికీ అర డిగ్రీ మించి పెరగలేదు. ఎండోటాక్సిన్ పాడైందేమోనని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. చివరికి బాబాయ్ మాటే గుర్తొచ్చింది.

కరెంటు కోతల వల్ల మేం డిస్టిల్డ్ వాటర్ ఉన్నప్పుడే పట్టి, పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో వారం పాటు ఉంచేవాళ్లం. సెలైన్ కలిపింది ఆ నీళ్లతోనే. డిస్టిల్డ్ నీళ్లలోనూ గ్రామ్ నెగటివ్ బాక్టీరియా (ఎండోటాక్సిన్ ఉండే రకం) పెరుగుతుంది. ఆటోక్లేవ్ చేస్తే, అంటే ఒత్తిడి మీద ఆవిరి పట్టిస్తే, బాక్టీరియా చస్తుంది కానీ దాని పైపొరలోని ఎండోటాక్సిన్ అలాగే ఉంటుంది. గాజుసామాన్ల మీద అది పోవాలంటే 250 డిగ్రీల పొడి వేడి అరగంట కావాలి. కుందేలుకి నానోగ్రాముల లెక్కలో చాలు. అంటే మా 'ఉత్త సెలైన్' కుందేళ్లకి కూడా నేనే రోజూ ఎండోటాక్సిన్ ఎక్కించి అలవాటు చేశాను. సిద్ధాంతం రుజువైంది, ప్రాజెక్టు పోయింది.

దీన్ని మిరపకారం అలవాటవడంతో పోల్చే వాళ్లంటే నాకు ఒళ్లుమంట, మా సార్‌తో సహా. కారం సంగతి నరాలది. ఇక్కడ మాక్రోఫేజ్‌లు (రోగనిరోధక కణాలు) జ్వరాన్నీ వాపునీ రేపే టీఎన్ఎఫ్ అనే ప్రొటీన్‌ని విడుదల చేయడం తగ్గిస్తాయి. మొదటి రోజుల్లో దానికి యాంటీబాడీలతో పని లేదు. పైగా అది వరమేం కాదు, సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితి) రోగుల తెల్లకణాలు ఇలాగే మొద్దుబారితే కొత్త ఇన్ఫెక్షన్లు పట్టుకుంటాయి.

కుందేళ్లు వద్దు, చిట్టెలుకలంటారా? అవి మనకంటే ఎన్నో రెట్లు ఎక్కువ డోసు తట్టుకుంటాయి. జాతి కూడా చూసుకోండి. సీ3హెచ్/హెచ్ఈజే రకం పుట్టుకతోనే ఎండోటాక్సిన్‌కి సరిగా స్పందించదు. ఆ లోపం ఎండోటాక్సిన్‌ని పసిగట్టడానికి కావలసిన టీఎల్ఆర్4 అనే జన్యువులో ఉందని 1998లో అమెరికా శాస్త్రవేత్త బ్రూస్ బాయిట్లర్ బృందం తేల్చింది. ఆయనకి 2011లో నోబెల్ వచ్చింది. మీరు తెలియక ఆ రకం తెచ్చుకుంటే 'అలవాటు' చేయకుండానే అద్భుత ఫలితాలు వస్తాయి!

కొత్త కుందేళ్లకి అనుమతి రావడానికి నెలన్నర పట్టింది. కమిటీలో ఒకరు పెళ్లికెళ్తే ఒకరు ఊళ్లో ఉండరు. ఈసారి కొత్తపేటలో మందుల షాపుకెళ్లి సీలుతో ఉన్న సెలైన్ బాటిళ్లు కొనుక్కొచ్చాను. ఆ పని మొదటే చేస్తే పోయేది. సెలైన్ కుందేళ్లకి ఐదు రోజులూ జ్వరం రాలేదు, ఆరో రోజు పెద్ద డోసుకి మూడూ 41 దాటాయి. అంత జ్వరం చూసి నేను సంతోషపడుతుంటే బాబాయ్ నన్ను అదోలా చూశాడు. పాత డబ్బాని ఆయనే పట్టుకెళ్లి, యానిమల్ హౌస్ బయట మందారానికి నీళ్లు పోయడానికి పెట్టుకున్నాడు.