టెక్ సందేహాలు: ‘సఫైర్’ గార్డుకు గీతలెందుకు పడ్డాయి?

ప్రశ్న: సార్, మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో పని చేస్తాను. ‘సఫైర్ ట్రాన్స్‌పరెంట్ మెటల్, 9హెచ్, గీత పడదు’ అని రాసి ఉంటే 349 రూపాయలు పెట్టి ఆన్‌లైన్‌లో స్క్రీన్ గార్డు కొన్నా. పది రోజులకే నిండా గీతలు. డూప్లికేట్ అంటగట్టారా?

జవాబు: మీకు వచ్చింది మామూలు టెంపర్డ్ గ్లాసే. ఆ ధరకు ఫోనంత సఫైర్ పలక రాదు. పైగా సఫైర్ లోహం కూడా కాదు, అల్యూమినియం ఆక్సైడ్ స్ఫటికం.

ఇక 9హెచ్ సంగతి. అది అబద్ధం కాదు, అలాగని మీరనుకున్నదీ కాదు. అది పెన్సిల్ లెక్క. పెయింట్ల గట్టిదనం చూడటానికి డ్రాయింగ్ పెన్సిళ్లతో ఒత్తి గీసే పరీక్ష ఒకటుంది. ఆ పెన్సిళ్లలో అన్నిటికన్నా గట్టిది 9హెచ్. దానికీ గీత పడకపోతే పాసైనట్టు. పెన్సిల్ ములుకు అంటే గ్రాఫైట్, బంకమట్టి. మీ ఇంటి కిటికీ అద్దం కూడా ఆ పరీక్షలో హాయిగా నెగ్గుతుంది. సఫైర్‌కు చెప్పే 9 వేరే లెక్కలోది. ఏ ఖనిజం దేన్ని గీస్తుందో చూసి 1812లో ఫ్రెడరిక్ మోస్ ఒకటి నుంచి పది దాకా వరుస పెట్టాడు. అందులో వజ్రం 10, సఫైర్ 9, ఇసుకలో ఉండే క్వార్ట్జ్ 7. ఫోన్ గాజు ఆరు దగ్గరే ఆగిపోతుంది. ఈ రెండు తొమ్మిదుల్నీ కలిపేసి అమ్ముతున్న వాళ్ల తెలివికి దండం పెట్టాల్సిందే.

మీ మిల్లులో జరిగేది ఇది: కల్లాల నుంచి వచ్చే వడ్లలో మట్టి, ఇసుక రేణువులు ఉంటాయి. ఆ దుమ్ము ఫోన్ మీద పడుతుంది. మీరు అంగీ అంచుతో రుద్దుతారు. ఏడో నంబరు ఆరో నంబరును గీసేస్తుంది. ముందు ఫోన్‌ను బోర్లించి దులపండి, తర్వాత కొద్దిగా తడి చేసిన మెత్తటి గుడ్డతో రుద్దకుండా అద్ది తీయండి. గార్డు మాత్రం వంద రూపాయలది చాలు. గీతలు తన మీద వేసుకోవడమే దాని డ్యూటీ.

అసలు సఫైర్ ఎక్కడుందంటే, ఖరీదైన వాచీల అద్దాల్లో, ఐఫోన్ కెమెరా లెన్సు మూతల మీద. మొత్తం స్క్రీన్‌కు ఎందుకు పెట్టరు? ధర ఒక కారణం, కింద పడితే పగిలే గుణం ఇంకోటి. మూడోది చాలామందికి తెలియదు. గాజు ఒక్కో ముఖం మీద పడిన వెలుగులో 4 శాతం దాకా వెనక్కి కొడుతుంది, పూత లేని సఫైర్ దాదాపు 8 శాతం. ఏప్రిల్ ఎండలో మిర్యాలగూడ బస్టాండ్‌లో నిలబడి మెసేజ్ చదవాలంటే గాజే నయం.

ప్రశ్న: అన్నా, సూర్యాపేటలో మాకు వడ్రంగి షాపు ఉంది. పారదర్శక కర్ర వచ్చిందట కదా. కస్టమర్లు అడుగుతున్నారు. దానితో దర్వాజలు చెయ్యొచ్చా?

జవాబు: కర్ర నిజమే, దర్వాజ మాత్రం ఇప్పట్లో కాదు. 1992లోనే జర్మనీలో జీగ్‌ఫ్రీడ్ ఫింక్ అనే వృక్షశాస్త్రవేత్త కర్ర లోపలి నిర్మాణం చూడటానికి దీన్ని చేశాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2016లో స్వీడన్‌లోని స్టాక్‌హోమ్ కేటీహెచ్ యూనివర్సిటీలో లార్స్ బెర్గ్‌లండ్ బృందం, అమెరికా మేరీలాండ్ యూనివర్సిటీలో లియాంగ్‌బింగ్ హు బృందం మళ్లీ బయటికి తెచ్చాయి.

కర్రకు గోధుమ రంగు ఇచ్చేది ప్రధానంగా లిగ్నిన్ అనే పదార్థం. రసాయనాలతో దాన్ని తీసేస్తే కర్ర తెల్లబడుతుంది, కానీ అప్పటికీ ఆవలిది కనిపించదు. లోపలి సన్నటి గొట్టాల నిండా గాలి ఉంటుంది కాబట్టి వెలుగు చెదిరిపోతుంది. ఆ గాలి స్థానంలో, వెలుగును దాదాపు కర్ర పీచులాగే వంచే యాక్రిలిక్ గానీ ఎపాక్సీ గానీ ఎక్కిస్తారు. అప్పుడు వెలుగు నేరుగా దాటుతుంది. మిర్చి బజ్జీలు కట్టిన పేపర్‌కు నూనె అంటిన చోట వెనకాల వేలు కనిపిస్తుంది చూడండి, అదే సూత్రం.

ఇంకో సంగతి. ఇది బాగా పనిచేసేది మిల్లీమీటర్ల మందంలోనే, అదీ ఎక్కువగా బాల్సా లాంటి తేలిక కర్రతో. మందం పెరిగేకొద్దీ మసకబారుతుంది. వెనకే ఆనించిన అక్షరాలు చదవొచ్చు, బారెడు దూరంలోని మనిషి మాత్రం మబ్బుగా కనిపిస్తాడు. వెలుగు రావాలి, లోపలిది కనిపించకూడదు అనుకునే పైకప్పు పలకలకు ఆ మసకే మేలు. మీ టేకు జోలికి మాత్రం పోకండి. యూట్యూబ్ చూసి గాఢ హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో ప్రయోగాలు అసలే వద్దు, చేతులు కాలతాయి.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో బీఎస్సీ చదువుతున్నా. బుల్లెట్‌ను ఆపే ‘ట్రాన్స్‌పరెంట్ అల్యూమినియం’ రీల్ చూశా. లోహంలోంచి వెలుగు దాటదని మా సార్ అంటారు. ఎవరు కరెక్ట్?

జవాబు: మీ సారే. లోహంలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు వెలుగును వెనక్కి కొట్టేస్తాయి. రీల్‌లోది అల్యూమినియం ఆక్సీనైట్రైడ్, అంటే సిరామిక్. పొడిని అచ్చుకట్టి, 1,800 డిగ్రీలు దాటిన వేడిలో కాల్చి, లోపల గాలి రంధ్రాలు మిగలకుండా చేస్తారు. మిగిలితే పింగాణీలా తెల్లగా ఉండిపోతుంది. కష్టమంతా అక్కడే, ఖర్చూ అక్కడే. క్షిపణుల ముందు భాగంలోని సెన్సర్ కిటికీలకు వాడతారు, సైనిక వాహనాల అద్దాలకూ పరీక్షించారు. ఈ కోవకే చెందిన స్పినెల్ అనే పారదర్శక సిరామిక్ మీద మన హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థ కూడా పని చేసింది. ఎమ్మెస్సీ మెటీరియల్స్ వైపు వెళ్లాలని ఉంటే ఆ పేరు గుర్తుపెట్టుకోండి.

మీ సార్‌ను ఇరుకున పెట్టాలనుంటే సోడియం గురించి అడగండి. వాతావరణ పీడనానికి దాదాపు 20 లక్షల రెట్లు నొక్కితే అది పారదర్శకం అవుతుందని 2009లో తేల్చారు. ఆయన తెలివైనవారైతే, ఆ స్థితిలో అది లోహంగా ఉండదు కదా అంటారు! లోహాన్ని అతి పలచగా పూయడం మరో దారి. వ్యోమగాముల హెల్మెట్ ముసుగు మీద ఉండేది అలాంటి బంగారు పూతే. చాలా టచ్‌స్క్రీన్‌లలో కరెంటును మోసే పొర మాత్రం ఇండియం, టిన్‌ల ఆక్సైడ్. చూస్తే కనిపించదు.

ప్రశ్న: గద్వాలలో చీరల షాపు మాది. షోకేస్ అద్దం బదులు ట్రాన్స్‌పరెంట్ టీవీ పెడితే ఎలా ఉంటుంది?

జవాబు: ఎల్‌జీ 77 అంగుళాల పారదర్శక ఓఎల్‌ఈడీ టీవీని అమెరికాలో 60 వేల డాలర్లకు అమ్మకానికి పెట్టింది. రూపాయల్లో అరకోటి దాకా అవుతుంది. అందులోనూ నలుపు సరిగా రావాలంటే వెనక నుంచి నల్ల తెర పైకి లేవాలి. అద్దానికి అతికించే ఎల్‌ఈడీ ఫిల్మ్ దీనికన్నా చాలా చవక, బొమ్మ మాత్రం కాస్త గరుకుగా ఉంటుంది. డెమో ఇస్తామంటే మధ్యాహ్నం రెండింటికి, మీ షాపు ముందే పెట్టి చూపించమనండి. రాత్రి డెమోకు ఒప్పుకోకండి.