డాస్‌బాక్స్‌లో కంట్రోలర్ సమస్యకు సమాధానం

పాత డాస్ ఆటలను ఇప్పటి కంప్యూటర్లలో నడిపే డాస్‌బాక్స్ ప్రోగ్రాములో 1990 నాటి ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆడుతుంటే, ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ మీద చెయ్యి తీసేసినా రాకుమారుడు ఎడమవైపుకు పరుగెత్తి గోతిలో పడిపోతున్నాడని మీరు రాశారు. మీ కంట్రోలర్ చెడిపోలేదని నా నమ్మకం. జాయ్‌స్టిక్‌ను తగిలించే ఆ కాలపు 15 పిన్నుల గేమ్ పోర్టును డాస్‌బాక్స్ అనుకరిస్తుంది. ఆ పోర్టులో, జాయ్‌స్టిక్‌లోని నిరోధకం గుండా కెపాసిటర్ చార్జ్ కావడానికి పట్టే సమయాన్ని ప్రోగ్రామే లెక్కించి, జాయ్‌స్టిక్ పుల్ల ఎటు వంగిందో తెలుసుకునేది. ఆ లెక్క ప్రాసెసర్ వేగాన్ని బట్టి మారుతుంది కనుక, మధ్య స్థానం కాస్త తప్పినా ఆట దాన్ని పరుగుగానే భావిస్తుంది.

డాస్‌బాక్స్ కాన్ఫిగరేషన్ ఫైలులో (సెట్టింగులు ఉండే ఫైలు) జాయ్‌స్టిక్ విభాగం కింద ఉన్న టైమ్‌డ్ విలువను ట్రూ నుంచి ఫాల్స్‌కు మార్చి చూడండి. అయితే ఈ ఆటకు నేను మనస్ఫూర్తిగా సూచించేది వేరే దారి. ఆటలో కంట్రోల్, కె కలిపి నొక్కి కీబోర్డుకు మారండి. తర్వాత కంట్రోల్, ఎఫ్1 నొక్కితే తెరుచుకునే మ్యాపర్‌లో (కీలను కంట్రోలర్ బటన్లకు జతచేసే తెర) ఒక్కో బాణపు కీని ఎంచుకుని, యాడ్ నొక్కి, కంట్రోలర్‌పై ఉన్న దిశల మీటను ఆ వైపుకు నొక్కండి. షిఫ్ట్‌ను మాత్రం బొటనవేలికి సులువుగా అందే బటన్‌కే ఇవ్వండి, ఎందుకంటే అంచు పట్టుకుని వేలాడాలన్నా, ముళ్ల మధ్య ఆచితూచి అడుగు వేయాలన్నా అదే ఆధారం. చివర సేవ్ నొక్కడం మరవకండి.