తోట తాకట్టు పెట్టి ఎమ్మెస్‌కి పోవాల్నా?

ప్రశ్న: అక్కా, మాది బంగారుపాళ్యం పక్కన పల్లె. తిరుపతిలో బీటెక్ మెకానికల్ ఫైనలియర్ చదువుతా ఉన్నా. అమెరికాలో ఎమ్మెస్ చెయ్యాలని ఆశ. మా నాయనకి 3 ఎకరాల తోతాపురి తోట తప్ప ఏమీ లేదు, అది బ్యాంకులో పెట్టి లోన్ తెస్తానంటాడు. కన్సల్టెన్సీ వాళ్ళేమో ఒక్క సెమిస్టర్ ఫీజు కట్టుకుంటే చాలు, రెండోదాన్నుంచి అసిస్టెంట్‌షిప్ వచ్చేస్తుంది, ఫీజు మాఫీ, పైన జీతం కూడా అంటా ఉన్నారు. నమ్మొచ్చా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు జిల్లా

జవాబు: ముందు తోట సంగతి మాట్లాడదాం తల్లీ. అప్పు తీరకపోతే బ్యాంకు నేరుగా ఆస్తిని స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు, అందుకే చాలా బ్యాంకులు ఎడ్యుకేషన్ లోన్‌కి పొలం తీసుకోవు, ఇల్లో ప్లాటో ఫిక్సెడ్ డిపాజిట్టో అడుగుతాయి. ఇది తెలీక నాయనలు పాస్‌బుక్కు పట్టుకుని నెలల తరబడి తిరిగి, వీసా టైమ్ నెత్తిమీదికొచ్చాక బయట రెండు రూపాయల వడ్డీకి తెస్తారు, అంటే ఏడాదికి నూటికి 24. ఆ పని మాత్రం చెయ్యనీకు. ప్రభుత్వ బ్యాంకుల్లో మామూలుగా 7.5 లక్షల దాకా తనఖా అడగరు, ఆపైన ఆస్తి చూపించాలి. ఈ వారమే నాయన్ని తీసుకుని బ్యాంకుకి పోయి ఈ ఒక్క విషయం తేల్చుకో.

ఇక అసిస్టెంట్‌షిప్. అది నిజంగానే ఉంది, నేను చదివింది దాంతోనే. కానీ 'వచ్చేస్తుంది' అని చెప్పే హక్కు కన్సల్టెన్సీకి లేదు, ఇచ్చేది డిపార్ట్‌మెంటో ప్రొఫెసరో. పైగా ఆ డబ్బులో ఎక్కువ భాగం పీహెచ్‌డీ వాళ్ళకి పోతుంది, ఎమ్మెస్ వాళ్ళకి మిగిలింది. టీఏ అంటే క్లాసుకో ల్యాబుకో సాయం, ఆర్ఏ అంటే ప్రొఫెసర్ ప్రాజెక్టులో పని, జీఏ అంటే లైబ్రరీ, హాస్టల్ ఆఫీసు లాంటి చోట్ల పని. క్యాంటీన్లో గంటల లెక్కన చేసే పని వేరే, దానికి జీతమే గానీ ఫీజు మాఫీ ఉండదు, చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుని మోసపోతారు. ఎఫ్-1 వీసా, అంటే చదువుకునేవాళ్ళకిచ్చే వీసా మీద సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే. బయట పెట్రోల్ బంకులో చేసుకోవచ్చులే అని ఎవరన్నా అంటే అక్కడే లేచి వచ్చెయ్, వీసాకే ఎసరు. అక్కడి ప్రభుత్వం తన విద్యార్థులకిచ్చే ఫాఫ్సా సాయం కూడా మనకి రాదు.

నేను మొదట ఇరవై మంది ప్రొఫెసర్లకి ఒకే మెయిల్ పేరు మార్చి పంపినా, ఒక్కరూ పలకలేదు. తర్వాత ఒకాయన పేపర్ పూర్తిగా చదివి, మా బీటెక్ ప్రాజెక్టులో హీట్ ఎక్స్ఛేంజర్ రీడింగులు ఎందుకు తప్పొచ్చాయో, ఆయన పేపర్లో ఏ గ్రాఫ్ చూస్తే అది అర్థమైందో నాలుగు లైన్లు రాసినా. రెండ్రోజుల్లో జవాబొచ్చింది, ఆయన దగ్గర డబ్బు లేదు గానీ థర్మో ల్యాబ్‌కి టీఏ కావాలని డిపార్ట్‌మెంట్‌కి నా పేరు చెప్పినాడు. నువ్వూ అట్లనే చెయ్. థీసిస్ ఉండే ఎమ్మెస్ చూసుకో, అప్లికేషన్లో ఫండింగ్ కావాలా అన్న గడి వదలొద్దు, చాలా చోట్ల దానికి గడువు మామూలు గడువు కంటే ముందే అయిపోతుంది. టీఏకి మాట్లాడే ఇంగ్లిష్ చూస్తారు, టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్షలో స్పీకింగ్ మార్కు విడిగా అడుగుతారు, మన పిల్లలు జారిపోయేది అక్కడే. రీసెర్చ్ మీద నిజంగా ఇష్టముంటే నేరుగా పీహెచ్‌డీకే పెట్టు, 4 ఏళ్ళ బీటెక్‌తో తీసుకునే డిపార్ట్‌మెంట్లు బోలెడు.

ఆఫర్ లెటర్ వస్తే ప్రతి లైనూ చదువు. ట్యూషన్ మొత్తం మాఫీనా సగమేనా, ఎన్ని సెమిస్టర్లు, జీతం 9 నెలలా 12 నెలలా. నా లెటర్లో ట్యూషన్ మొత్తం మాఫీ అని ఉంటే ఎగిరి గంతేసినా, తీరా చూస్తే స్టూడెంట్ ఫీజులూ ఇన్సూరెన్సూ విడిగా కట్టాల్సొచ్చి మొదటి జీతం దానికే పోయింది. ఫండింగ్ ఆఫర్ల గురించి అక్కడి యూనివర్సిటీలు చేసుకున్న ఏప్రిల్ 15 ఒప్పందం ఒకటుంది, అందులో ఉన్న యూనివర్సిటీలు ఆ తేదీకంటే ముందే తేల్చి చెప్పమని నిన్ను ఒత్తిడి చెయ్యకూడదు, అందుకే మార్చిలో వచ్చిన ఆఫర్‌కి కంగారుపడి సంతకం పెట్టొద్దు. లెటర్ రాకపోతే అసిస్టెంట్‌షిప్ లేదనే లెక్కేసుకో, ఆ లెక్కలో రెండేళ్ళ ఖర్చు మోయలేమనిపిస్తే ఈ ఏడాది గేట్ రాయి. గేట్ మీద ఎంటెక్‌లో చేరితే నెలకి 12,400 స్టైపెండ్, ఏర్పేడు దగ్గర ఐఐటీ మీకు ఎంత దూరం చెప్పు. అక్కడ చేసిన పని చూపించి తర్వాత పీహెచ్‌డీకి పోయినా తోట తోటలాగే ఉంటుంది.

ప్రశ్న: మా అబ్బాయికి టీఏ వచ్చింది మేడం, ఆగస్టులో పోతాడు. చేతిలో డబ్బేమన్నా పెట్టి పంపాల్నా?
– ఒక తండ్రి, తిరుపతి

జవాబు: తప్పకుండా పెట్టండి అన్నా. అక్కడికి పోయినాక, జీతం తీసుకునేవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే సోషల్ సెక్యూరిటీ నంబర్‌కి అప్లై చేసుకుని, బ్యాంకు ఖాతా తెరిచి, పేరోల్లో పేరెక్కేసరికి మొదటి జీతం సెప్టెంబర్ చివరికి పోతుంది. ఈలోపల రూము అడ్వాన్సు, అద్దె, బియ్యం, పరుపు అన్నీ జేబులోంచే. రెండు నెలల ఖర్చు ఇచ్చి పంపండి.