డాక్టర్ సలహా: మూడు రోజులు తినని పిల్లిది మారాం అనుకోవద్దు

ప్రశ్న: మా ఇంట్లో మూడు పిల్లులు. గౌరికి 12 ఏళ్లు. బొండాంకి 4 ఏళ్లు, ఆపరేషన్ చేయించిన మగపిల్లి, బరువు 6.5 కిలోలు. మిరియం 5 నెలల పిల్ల. ఇన్నాళ్లూ కవళ్ల చేపలు ఉడకబెట్టి అన్నంలో కలిపి పెట్టేవాళ్లం. సముద్రంలో వేట నిషేధం మొదలయ్యాక హార్బర్‌లో చేపల రేట్లు చూసి, ఇక ప్యాకెట్ ఫుడ్డే నయమని ఒకేసారి మార్చేశాం. మిరియం ఇష్టంగా తింటోంది గానీ విరేచనం పల్చగా అవుతోంది. బొండాం వాసన చూసి అలిగి పోతున్నాడు, నాలుగు గుళికలు తింటే గొప్ప. గౌరి మూడు రోజులుగా ప్లేటు దగ్గరికొచ్చి, నాకి వదిలేస్తోంది. నీళ్లు మాత్రం బాగా తాగుతోంది. షాపతను ‘ఆకలేస్తే అవే తింటాయి, వదిలేయండి’ అన్నాడు. మెడికల్ షాపులో అడిగితే ఆకలి పుట్టే సిరప్ ఇచ్చారు, గౌరికి రెండు పూటలు వేశాం. ఏ కంపెనీ ఫుడ్ మంచిది? ఎన్ని రోజుల్లో అలవాటు పడతాయి?
– ఓ పాఠకురాలు, పెదవాల్తేరు, విశాఖపట్నం

జవాబు: కంపెనీ సంగతి తర్వాత చూద్దామమ్మా. ముందు గౌరిని ఈ రోజే దగ్గర్లోని పశువైద్యుడికి చూపించండి. మీరు రాసి, అది మాకు చేరి, నేను పేషెంట్ల మధ్య ఖాళీ చూసుకుని జవాబిచ్చేసరికి ఇంకో రెండు రోజులైనా గడిచి ఉంటాయి. ఇప్పటికీ సరిగ్గా తినకపోతే చదవడం ఇక్కడే ఆపి బయల్దేరండి. మిగతాది ఆస్పత్రిలో మీ నంబరు వచ్చేలోపు చదువుకోవచ్చు.

మీరు అడిగింది తిండి మార్పు గురించి. నాకు కనబడింది 12 ఏళ్ల పిల్లి, మూడు రోజుల పస్తు, ఎక్కువ దాహం. గుళికలు తినే పిల్లి నీళ్లు ఎక్కువ తాగడం మామూలే, వాటిలో తేమ నూటికి 10 పాళ్ల దాకానే ఉంటుంది. కానీ గౌరి ఆ గుళికలు తినడమే లేదు కదా! కవళ్ల అన్నంతో లోపలికి వెళ్లే నీరు ఆగిపోయింది కాబట్టి కొంత దాహం పెరగొచ్చు, కాదనను. ‘బాగా’ అని మీరు రాశారంటే మాత్రం కొలిచి చూడాల్సిందే. కిలో బరువుకి రోజుకి 100 మిల్లీలీటర్లు దాటితే ఎక్కువ తాగుతున్నట్టు లెక్క. మూడింటికీ ఒకటే గిన్నె అయితే ఎవరెంత తాగారో తేలదు, గౌరిని విడిగా ఓ గదిలో ఉంచండి. ఈ వయసులో దాహం అనగానే నేను ముందు కిడ్నీలు చూస్తాను, ఆపైన షుగర్. థైరాయిడ్ కూడా చూడాలి, కాకపోతే అందులో సాధారణంగా ఆకలి పెరిగి, ఎంత తిన్నా బరువు తగ్గిపోతుంది. పిల్లిని చూడకుండా ఫలానా జబ్బేనని నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా.

ఇంకో అనుమానం నోటి మీద. తిండి నచ్చని పిల్లి ప్లేటు దాకా రాదు, వచ్చినా మొహం తిప్పేసుకుంటుంది. గౌరి వస్తోంది, నాకుతోంది, ఆగిపోతోంది. అంటే తినాలని ఉండీ తినలేకపోతోందేమో, లేదా వాసనకే వికారం పుడుతోందేమో. ఇన్నాళ్లూ మెత్తటి చేపన్నం నమలకుండానే దిగిపోయేది. ఇప్పుడు గట్టి గుళిక కొరకాల్సి వచ్చేసరికి ఎప్పటినుంచో ఉన్న పంటి నొప్పి బయటపడి ఉండొచ్చు. గౌరి నిద్రమత్తులో ఉన్నప్పుడు పక్క పెదవిని వేలితో మెల్లగా పైకెత్తి చూడండి. పంటి మొదట్లో చిగురు గులాబీ రంగులో కాకుండా ఎర్రటి గీతలా ఉన్నా, నోరు కుళ్లు వాసన వస్తున్నా, తల ఓ పక్కకి వంచి నములుతున్నా డాక్టర్‌తో చెప్పండి. కరుస్తానంటే వదిలేయండి, ఆ పని మేం చేసుకుంటాం.

ఇక ‘ఆకలేస్తే అవే తింటాయి’ అన్న మాట. ఈ మాట నమ్మి వారం ఆగి తెచ్చే పిల్లులు మా దగ్గరికి వస్తూనే ఉంటాయి. కుక్క ఒకటి రెండు పూటలు పస్తున్నా తట్టుకుంటుంది. పిల్లి ఒళ్లు అలాంటిది కాదు. తిండి ఆగగానే ఒంట్లో దాచిన కొవ్వు కరిగి లివర్‌కి చేరుతుంది. అంత కొవ్వుని ఖర్చు చేసే శక్తి పిల్లి లివర్‌కి లేదు, అందుకని అది అక్కడే పేరుకుపోతుంది. దాన్నే ఫ్యాటీ లివర్ అంటాం, మనుషులకొచ్చే ఫ్యాటీ లివర్‌కీ దీనికీ పోలిక పెట్టకండి, ఇది రోజుల్లో ప్రాణం మీదికి తెస్తుంది. లివర్ పాడైతే వికారం, వికారంతో తిండి ఇంకా తగ్గుతుంది, చెవుల లోపలి చర్మం, కళ్లు పచ్చబడతాయి. అక్కడిదాకా వస్తే గొట్టం వేసి వారాల తరబడి తిండి ఎక్కించాలి. లావుగా ఉన్న పిల్లులకే ఈ ముప్పు ఎక్కువ. అందుకే గౌరి తర్వాత నా భయం మీ బొండాం గురించి. ‘ఒళ్లుంది, నాలుగు రోజులు తినకపోతే తగ్గుతాడులే’ అనుకుంటున్నారేమో, దయచేసి అనుకోకండి.

పెద్ద పిల్లి 24 గంటలు ఏమీ ముట్టకపోతే ఫోన్ చేయండి, 48 గంటలు దాటనివ్వకండి. రోజూ కొంచెం కొంచెం తింటున్నా, మామూలుగా తినేదాంట్లో సగం కూడా లేకపోతే అదీ పస్తు కిందే లెక్క. మిరియం వయసు పిల్లలకైతే 12 గంటలే ఎక్కువ.

సిరప్ విషయంలో కాస్త కోప్పడక తప్పదు. ఆకలి సిరప్‌ల్లో సాధారణంగా ఉండే సైప్రోహెప్టడిన్ మందుని మేమూ కొన్ని పిల్లులకి వాడతాం. అయితే బరువు చూసి, కిడ్నీ, లివర్ రిపోర్టులు చూసి, ఎందుకు తినడం లేదో తేల్చుకుని వాడతాం. మీరేం చేశారు? కారణం తెలీకుండా, మనుషుల కోసం చేసిన తీపి సిరప్‌ని ఉజ్జాయింపుగా పోశారు. దానివల్ల కొన్ని పిల్లులు మత్తుగా పడి ఉంటాయి, కొన్ని అరుస్తూ ఇల్లంతా తిరుగుతాయి. ఒకవేళ మందు పనిచేసి నాలుగు మెతుకులు తిన్నా, ‘హమ్మయ్య తింటోంది’ అని ఇంకో వారం ఆగుతారు. అసలు జబ్బు ఆ వారంలో ముదురుతుంది. ఇక ఒక్క చుక్క వేయకండి. సీసా మాత్రం పారేయకుండా వెంట తెచ్చి డాక్టర్‌కి చూపించండి. మందలిస్తారేమోనని దాచిపెట్టేవాళ్లున్నారు. మేం మందలించేది ఒక్క నిమిషం, ఆ తర్వాత చేసేదంతా ఆ సీసా మీద రాసిన పేరుని బట్టే.

మీరు రాయలేదు గానీ నేనే చెబుతున్నా. ఒళ్లు వేడిగా ఉందని పారాసెటమాల్ వేయకండి. పిల్లి మామూలు వేడే 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ పైచిలుకు, మన చేతికి ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది. పారాసెటమాల్‌ని విరిచి బయటికి పంపే ఏర్పాటు పిల్లి లివర్‌లో దాదాపు లేదు. 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి చాలు ప్రాణం తీయడానికి, పిల్లల జ్వరం సిరప్ కూడా అదే మందు. రక్తం ఆక్సిజన్ మోయలేకపోతుంది, చిగుళ్లు గోధుమ రంగుకో నీలానికో తిరుగుతాయి, మొహం, పాదాలు వాస్తాయి. విరుగుడు మందు ఉంది, కానీ గంటల్లో పడాలి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడా అంతే, మీ ఇంట్లో నొప్పుల మాత్రల డబ్బాలో ఉన్నదేదీ పిల్లికి పనికిరాదు. విరేచనాలు కట్టే మాత్రలు మిరియంకి వేద్దామనుకుంటే అదీ వద్దు.

మిరియం ఆడుకుంటూ, తింటూ ఉంటే కంగారు లేదు. తిండి ఒక్కసారిగా మారితే రెండు మూడు రోజులు పల్చగా అవ్వడం ఉన్నదే. పాత అన్నంలోకి వెనక్కి రండి, పాలు పోయకండి. నులిపురుగుల మందు, టీకాలు ఎంతవరకు వచ్చాయో మీ ఉత్తరంలో లేదు, గౌరితో పాటు దాన్నీ, కొంచెం విరేచనాన్ని చిన్న డబ్బాలో పెట్టి తీసుకెళ్లండి. రక్తం పడినా, వాంతులైనా, డీలాపడినా ఆ రోజే చూపించాలి.

ఇప్పుడు తిండి. మార్చాలనుకోవడం మంచి ఆలోచనే. కవళ్లన్నం పిల్లికి చాలదు. అన్నం కడుపు నింపుతుందంతే. చేప ఉడికించిన నీళ్లు పారబోస్తే టారిన్ అనే పోషకం చాలావరకు వాటితోనే పోతుంది. ఇది పిల్లి తన ఒంట్లో సరిపడా తయారు చేసుకోలేదు. ఇది తగ్గితే కంటిచూపు పోతుంది, గుండె కండరం సాగిపోతుంది. ఈ గుండె జబ్బు టారిన్ లోపం వల్ల వస్తోందని అమెరికాలో 1987లో బయటపడింది, విచిత్రమేంటంటే ఆ పిల్లులు అప్పటి ప్యాకెట్ ఫుడ్డే తినేవి. ఆ తర్వాతే కంపెనీలు టారిన్ పాళ్లు పెంచాయి. ముల్లు తీసిన చేపలో కాల్షియం కూడా చాలదు, ఎదిగే మిరియంకి అది ఇంకా నష్టం. చేపల పులుసులో ముక్క కడిగి పెడుతుంటే అదీ మానేయండి, ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాల్ని విరగ్గొడతాయి.

మార్చిన పద్ధతే తప్పు. జూన్ 14 దాకా మరపడవలు వేటకెళ్లవు, కాబట్టి చేప ఖరీదైనా ఇంకొన్నాళ్లు కొంచెం కొనక తప్పదు. ఈ పూట నుంచే బొండాంకి పాత అన్నం పెట్టండి. కడుపు నిండా తినడం మొదలెట్టి రెండు మూడు రోజులయ్యాక కొత్తది మొదలుపెట్టొచ్చు. చేపన్నానికి అలవాటైన నోటికి ఎండు గుళికల కన్నా పౌచ్‌లో వచ్చే తడి ఫుడ్ దగ్గర. మొదట కలపకండి. పాత అన్నం ప్లేటు పక్కనే ఇంకో చిన్న ప్లేటులో ఒక చెంచా పెట్టి వదిలేయండి, తినకపోయినా ఆ వాసనకి ముక్కు అలవాటు పడుతుంది. అనుమానం పిల్లులకి మొదటి రోజే కలిపేస్తే పాతదాన్ని కూడా వదిలేస్తాయి. నాకడం మొదలెట్టాక పాతదాంట్లో పావు వంతు, అది ఒప్పుకుంటే సగం, తర్వాత ముప్పావు. పుస్తకాల్లో వారం పది రోజులని ఉంటుంది. మిరియంకి అది సరిపోతుంది. బొండాంకి మూడు నాలుగు వారాలనుకోండి. ఏ మెట్టు దగ్గర తినడం తగ్గినా ఒక మెట్టు కిందికి దిగాలి.

పిల్లికి రుచి కంటే వాసన ముందు. ఫ్రిజ్‌లోంచి తీసింది అలాగే పెడితే ముట్టదు. పౌచ్‌ని గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో కాసేపు ఉంచి, మన మణికట్టు మీద వేసుకుంటే వెచ్చగా తగిలేలా చేసి పెట్టండి. లోతు గిన్నె కాకుండా పళ్లెం వాడండి, ఇసుక ట్రేకి దూరంగా. కొత్త తిండిలో మందు మాత్రం కలపొద్దు, ఒక్కసారి చేదు తగిలిందంటే ఆ తిండిని మళ్లీ నమ్మదు. బలవంతంగా సిరంజితో నోట్లో కొట్టినా అంతే, పైగా ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా.

మన ఊరి ఉక్కపోతలో ఇంకో సంగతి. లూజుగా తూచి ఇచ్చే గుళికలు కొనకండి. పెద్ద బస్తా చవకని కొని మూతి తెరిచి ఉంచితే సముద్రపు గాలికి వారాల్లోనే మెత్తబడి, పైన పూసిన కొవ్వు మక్కు వాసన వేస్తుంది. మనకి తెలీకముందే పిల్లికి తెలుస్తుంది. బొండాం అలక అందుకేనేమో, ఓసారి మీరే వాసన చూడండి. చిన్న ప్యాకెట్ కొని, ఆ కవర్‌తో సహా స్టీలు డబ్బాలో పెట్టుకోండి.

మూడింటికీ విడివిడి చోట్ల, వీలైతే విడివిడి గదుల్లో పెట్టండి. మిరియంకి ఏడాది నిండేదాకా పిల్లల ఫుడ్, రోజుకి మూడు నాలుగు సార్లు. అది బొండాం తింటే ఇంకా ఊరతాడు. వాడిని సన్నబరచడం తర్వాతి పని, ముందు కొత్త తిండి కుదరనివ్వండి. ఆ తర్వాత కూడా వారానికి ఒంటి బరువులో నూటికి ఒక పాలు తగ్గితే చాలు. వాడు మాటిమాటికీ ట్రేలో కూర్చుని, ముక్కుతూ, చుక్క కూడా రాకపోతే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు. మగపిల్లికి మూత్రం అడ్డుపడితే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది.

కంపెనీ పేరు నేను చెప్పను, ఇక్కడ ప్రకటన చేసినట్టవుతుంది. ప్యాకెట్ మీద ‘సంపూర్ణ, సమతుల ఆహారం’ అనే అర్థం వచ్చే మాట ఉందా, పిల్లికేనా, ఏ వయసుకి, తేదీ ఎప్పటిదాకా, ఇవి చూసుకోండి. చిరుతిండిగా ఇచ్చే ట్రీట్ల మీద ఆ మాట ఉండదు. కుక్కల ఫుడ్ ఎంత ఖరీదైనదైనా పిల్లికి చాలదు. గౌరికి మాత్రం రిపోర్టులు వచ్చేదాకా ఏ ఫుడ్డూ ఎక్కువ కొనకండి. కిడ్నీ అని తేలితే దానికి వేరే ఫుడ్, పళ్లయితే పళ్ల పని అయ్యాక ఇంకో లెక్క. అప్పటిదాకా చేపైనా, ఉడికించిన చికెనైనా, ఉప్పూ కారం లేకుండా, ఏది తింటే అది.

డాక్టర్ బహుశా కిడ్నీల కోసం యూరియా, క్రియాటినిన్, ఇంకా షుగర్, లివర్ పరీక్షలు, థైరాయిడ్, మూత్ర పరీక్ష రాస్తారు. వీలైతే బీపీ కూడా చూడమని అడగండి. ఒళ్లో పెట్టుకుని స్కూటర్ మీద తేవద్దు, మూతున్న బుట్టలో పాత తువ్వాలు వేసి ఆటోలో తీసుకెళ్లండి. రక్తపరీక్ష అనగానే ఖాళీ కడుపుతో తేవాలేమోనని ఆపుతారు కొందరు. గౌరి విషయంలో ఆ పట్టింపు వద్దు, బయల్దేరే ముందు ఓ ముద్ద తింటానంటే పెట్టేయండి.