నోటికి తగిలే మాటలు

చిరంజీవికి ఆశీస్సులు.

హాంకాంగ్ భోజనం మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. రుచులను బాగానే పట్టుకున్నావు గాని, హార్‌గావ్ అనే, పలుచని పిండిపొరలో చుట్టి ఆవిరి పట్టిన ముద్దలోని రొయ్యనూ, ఆవిరి మీద ఉడికించిన గుడ్డునూ, గంటల తరబడి సన్నసెగన మగ్గిన బీఫ్‌నూ ఒక్క ‘మెత్తగా ఉంది’తో సరిపెట్టేశావు. అక్కడి భాష కాంటనీస్ మాట్లాడేవారు ఈ మూడింటికీ మూడు మాటలు వాడతారు. గుడ్డు ‘వాత్’ కావాలి, అంటే ఎక్కడా గరుకు తగలకుండా నాలుక మీద జారిపోవాలి. బీఫ్ ‘లమ్’ కావాలి, అంటే పంటికి పని పెట్టకుండా విడిపోవాలి. రొయ్యను ‘లమ్’ అన్నావంటే మాత్రం వంటవాడిని తిట్టినట్టే; అది ‘సోంగ్’గా, కొరికితే కాస్త ఎదురు నిలిచి టక్కున తెగేలా ఉండాలి.

ఈ ‘సోంగ్’ దగ్గర కొంచెం ఆగు. వాళ్లు కోడిని తెర్లనివ్వని వేడినీళ్లలో ఉడికించి, తీసీ తీయగానే మంచునీళ్లలో ముంచుతారు. అందువల్లనే తోలు బిగిసి ‘సోంగ్’ అవుతుంది, లోపలి మాంసం ‘వాత్’గా నిలుస్తుంది. ఉడుకు మించితే రొమ్ముకండ పీచుపీచుగా ఎండి నాలుకను గీరుతుంది. దాన్ని ‘హాయ్’ అంటారు. మన హాయికి అది పూర్తిగా పగ. కాబట్టి మాట ఒక్కటే రాసి ఊరుకోకుండా, దాని వెనకున్న మంచునీళ్ల గిన్నెను కూడా చూపించు.

చేపముద్దలకు వాడే ‘తాన్ఙా’ కూడా అలాంటిదే. పళ్లను వెనక్కి తన్నే ఆ గుణం పిండి కలిపితే రాదు. చేపమాంసంలో ఉప్పు వేసి, ఒకే వైపుకు తిప్పుతూ, గిన్నెకేసి బాదగా బాదగా వస్తుంది. బాతుగుడ్లు, క్షారజలం పోసి కలిపి, వంటన్ అనే కూరుడు ముద్దలతో వడ్డించే నూడుల్స్‌నూ ఇదే మాటతో మెచ్చుకుంటారు. ఉడికిన వెంటనే వాటిని చన్నీళ్లలో ముంచి తీయడాన్ని ‘చల్లని ఏరు దాటించడం’ అంటారు. ఆ ఏరు దాటని నూడుల్స్ గిన్నెలోనే నాని సాగిలబడతాయి.

బీఫ్ నరం, అంటే కండను ఎముకకు కట్టే స్నాయువు, గురించి రాసేటప్పుడు ‘యిన్‌ఙాన్’ వాడు. సాగుతూ, నములుతున్నకొద్దీ లొంగే గుణమది. ఒకరినొకరు వదలని ప్రేమికులను కూడా అదే మాటతో ఆటపట్టిస్తారు.

ఇవన్నీ ఒకే పేరాలో గుమ్మరించకు. ఒక వంటకానికి ఒక మాట చాలు; మొదటిసారి విప్పి చెప్పు, తర్వాత వివరణ లేకుండా వాడు. ముందుగా కోడి పేరాను తిరగరాసి పంపు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి